ఏపీ 07 నాటి డబ్బాలు, ఏపీ 39 బండ్లు

అటక మీంచి రేకుపెట్టె దించి మూత తియ్యగానే ముందు ముక్కుకు తగిలింది కిరసనాయిలు వాసన. దాని వెనకే మైనం, పాతబడ్డ రబ్బరు. నాగార్జున సాగర్ పక్కనున్న విజయపురి సౌత్ కాలనీలో ఒకప్పుడు నా ఆదివారాలన్నీ ఆ పెట్టె చుట్టూనే తిరిగేవి. తెల్లారకముందే ఎవరి కారో ఒకటి వేపచెట్టు కింద నిలబెట్టి, పదింటికల్లా దాని బానెట్‌లో ఆకులు కనపడేట్టు చేసేవాణ్ణి. డబ్బుకు కాదు, సరదాకి. తర్వాత బదిలీలు, పిల్లల చదువులు, పెట్టె అటకెక్కింది. మళ్లీ దించేసరికి మా ఊరి జిల్లాయే మారిపోయింది. 2022 ఏప్రిల్‌లో గుంటూరు నుంచి విడిపోయి పల్నాడులో పడ్డాం. బండ్ల నంబర్లూ మారాయి. గుంటూరు జిల్లా బండి అని చూడగానే తెలిసే ఏపీ 07 పోయి, 2019లో రాష్ట్రమంతటికీ ఒకటే ఏపీ 39 వచ్చింది. మారకుండా ఉన్నది నా పెట్టె ఒక్కటే.

అందులో సగం ఎండిన రబ్బింగ్ కాంపౌండ్ డబ్బా, బీటలు వారిన మైనం డబ్బా, రెండు షాంపూ సీసాలు, డాష్‌బోర్డుకు మెరుపిచ్చే స్ప్రే, ఇత్తడి పాలిష్, చీటీ ఊడిపోయిన తెల్లసీసా, నురగ ప్యాడ్లు, బరువైన బఫింగ్ మిషను, టైర్ల బ్రష్షు, లెక్కలేనన్ని పసుపు గుడ్డలు ఉన్నాయి. వాకిట్లో మా మేనల్లుడి కొత్త బండి ఉంది. ఈ సామానుతో ఆ బండి తుడవొచ్చా? పదిహేనేళ్లు ఈ పని వదిలేసి, రిటైరయ్యాకో కొత్త కారు కొన్నాకో మళ్లీ గుడ్డ పట్టుకునే ప్రతివాడికీ ఎదురయ్యే ప్రశ్నే ఇది. రెండు జవాబులు వినపడతాయి. డిటైలింగ్ షాపు కుర్రాళ్లు "అంతా పారేసి కొత్త కిట్టు కొనండి సార్" అంటారు. పాత డ్రైవర్లు "రేకు రేకే, రంగు రంగే, మారిందేముంది?" అంటారు. నన్నడిగితే ఇద్దరూ సగమే చెబుతున్నారు. సీసాల్లో సరుకు అనుకున్నంత పాడవలేదు; రంగు అనుకున్నదానికంటే ఎక్కువ మారింది. కొత్త బండికి అసలు భయం పాత సరుకు వల్ల కంటే పాత చేతివాటం వల్లే.

రంగు సంగతి ముందు చెప్పుకోవాలి. 1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో పేరుతో నైట్రోసెల్యులోజ్ లాకరును కార్లకు తెచ్చింది. అంతకుముందు కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది; డ్యూకోతో అది గంటల పనయింది. ఆ పేరు మన పెయింటర్ల నోట ఇంకా బతికే ఉంది. ఇనప బీరువాకు స్ప్రే కొట్టినా "డ్యూకో పెయింట్" అనేస్తారు. అంబాసిడర్, పద్మిని, తొలినాళ్ల మారుతి 800 లాంటి బండ్లకు మామూలు రంగుల్లో పైన వేరే రక్షణ పొర ఉండేది కాదు. రంగూ మెరుపూ ఒకే పొరలో ఉండేవి. మన ఎండకి ఆ పైభాగం వెలిసి సుద్దలా అయ్యేది. కాంపౌండ్ పెట్టి రుద్దితే చచ్చిన రంగు లేచిపోయి కింద తాజా రంగు బయటపడేది. ఎర్ర మారుతి రుద్దామంటే గుడ్డ పారాణి పూసినట్టయ్యేది. గుడ్డకు రంగు అంటితేనే పని జరిగినట్టు మా లెక్క.

ఇప్పటి బండికి రంగు కింద ఉంటుంది. దాని మీద రంగులేని పారదర్శకమైన పొర ఒకటి, క్లియర్ కోట్. మెరుపంతా దానిదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే మందులు కూడా అందులోనే కలుపుతారు. ఫ్యాక్టరీలో రోబో చల్లిన మొత్తం రంగు మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఇంచుమించు ఒక నోటుపుస్తకం కాగితమంత. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లు. తలవెంట్రుక మందం 70 మైక్రాన్లనుకుంటే, మన చేతిలో ఉన్నది అందులో సగమో, సగానికి కాస్త ఎక్కువో. గట్టిగా కాంపౌండ్ కొట్టిన ప్రతిసారీ అందులోంచి కొన్ని మైక్రాన్లు పోతాయి, తిరిగి రావు. ఊట లేని బావి అది. చేదుకోవడమే తప్ప ఊరేది ఉండదు. పాత మారుతిని ఏటా రుద్దినట్టు కొత్త బండిని రుద్దితే నాలుగైదేళ్లలో బానెట్ మీద పొర లేచి తెల్లటి మచ్చలు కనపడతాయి. అప్పుడిక పాలిష్‌తో కుదరదు, మళ్లీ పెయింటింగే.

మీ బండి ఏ రకమో తెలియకపోతే డోరు లోపలి అంచున ఎవరికీ కనపడని చోట తెల్లగుడ్డకు చిటికెడు పాలిష్ అద్ది రుద్ది చూడండి. గుడ్డకు రంగొస్తే పాత రకం. గుడ్డ తెల్లగానే ఉంటే క్లియర్ కోట్ ఉన్నట్టు. అంబాసిడర్, మారుతి 800 రెండూ 2014లోనే తయారీ ఆగిపోయాయి కాబట్టి ఇప్పుడు రోడ్డు మీద కనిపించేవి చాలావరకు రెండో రకమే. మధ్యలో ఎవరైనా మన షెడ్డులో మళ్లీ రంగు వేయించి ఉంటే మాత్రం ఏ పొర ఎంత మందమో పైకి చూసి చెప్పలేం.

ఇక పెట్టెలో సరుకు. మైనం డబ్బాని చూసి భయపడక్కర్లేదు. కార్నౌబా మైనం బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీంచి వస్తుంది. 82 నుంచి 86 డిగ్రీల దాకా వేడెక్కితేగాని కరగదు, ఏళ్లు గడిచినా కుళ్లదు. డబ్బాలో ఎగిరిపోయేది దాన్ని మెత్తగా ఉంచే ద్రావకం. అందుకే పాత మైనం ఎండి, కుంచించి, బీటలు వారుతుంది. నాది బాగా గట్టిపడింది గాని, వేలికి గుడ్డ చుట్టి నాలుగుసార్లు తిప్పితే వచ్చింది. రాశాను, ఆరింది, తుడిస్తే పోయింది. పాత మైనం కొత్త క్లియర్ కోట్‌కు ఏ హానీ చెయ్యదు. పొయ్యి మీద పెట్టి మెత్తబరుద్దామని మాత్రం చూడకండి, ఆ ద్రావకం మండుతుంది. ఇంకో మాట: రెంటచింతల ఎండ పేరు వినని తెలుగువాడు లేడు. అదే పల్నాడులో ఉన్న మా ఊళ్లో వేసవిలో నల్లబండి బానెట్ చెయ్యి పెట్టనివ్వదు. మైనం మెరుపు ఇక్కడ మూడు నాలుగు వారాల ముచ్చటే.

షాంపూకి వాసనే పరీక్ష. విడిపోయినట్టు కనపడితే కుదిపితే కలుస్తుంది. కుళ్లు కంపు కొడితే పారెయ్యాలి. రెండు సీసాల్లో ఒకటి బతికింది. సర్ఫు పొడి మాత్రం అప్పుడూ వద్దు, ఇప్పుడూ వద్దు, ఉన్న మైనాన్ని కడిగేస్తుంది. నురగ ప్యాడ్లు చేత్తో పట్టుకోగానే పొడిపొడిగా రాలాయి. పాలియురిథేన్ నురగకు గాలిలో తేమే శత్రువు, వాడకపోయినా చస్తుంది. సిరామిక్ కోటింగ్ సీసా గనక మూత తీసి దాచి ఉంటే చూడకుండానే పారెయ్యొచ్చు. గాలిలో తేమ తగిలి గట్టిపడటమే దాని పని, ఆ పని సీసాలోనే చేసేసి ఉంటుంది.

కాంపౌండ్ దగ్గర నేను మొండివాణ్ణి. అది పాడవలేదు, అదే దానితో చిక్కు. ఒంటిపొర రంగుల మీద గీతలు తియ్యడానికి చేసిన గరుకు సరుకు అది. క్లియర్ కోట్ మీద వాడితే గీత తీసి పది గీతలు పెడుతుంది. ఇప్పటి మంచి పాలిష్‌ల్లో రుద్దేకొద్దీ నలిగి సన్నబడే రేణువులుంటాయి, నా డబ్బాలో ఉన్నది పాత రకం ముతక పొడి. దీనికి తోడు నా పాత బఫింగ్ మిషను ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే రకం. ఒక్కచోట రెండు సెకన్లు ఎక్కువ ఆగితే రంగు కాలుతుంది. కొత్త బండ్లకు బంపర్లన్నీ ప్లాస్టిక్. రేకు వేడిని పక్కకు పంచుతుంది, ప్లాస్టిక్ పంచలేదు. అందుకే రేకు కంటే ముందు బంపరు కాలుతుంది. డోరు అంచుల్లో, బానెట్ మడతల్లో రంగు సహజంగానే పల్చగా ఉంటుంది. తిరుగుతూ ఊగే డ్యూయల్ యాక్షన్ మిషను వచ్చాక కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో ఈ ప్రమాదం బాగా తగ్గింది. పెట్టెలో ఏదైనా ఒకటే మార్చుకోగలిగితే మిషను మార్చుకోండి.

చీటీ లేని తెల్లసీసా సంగతి వేరు. చక్రాలు కడిగే పాత యాసిడ్లలో కొన్నింట హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉండేది. ఒంటిమీద పడిన వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపలికి దిగి ఎముక దాకా తినేస్తుంది. ఏముందో తెలియని సీసాని వాసన కూడా చూడొద్దు.

ఇప్పుడు పసుపు గుడ్డ. ఈ వ్యాసమంతా నిజానికి దాని గురించే రాయొచ్చు. పొద్దున్నే యజమాని బయటికి రాకముందు డ్రైవరు పొడిగుడ్డతో బండంతా టపటపా దులిపి తుడిచేస్తాడు. చూసేవాళ్లకి శ్రద్ధ. క్లియర్ కోట్‌కు అది ఉప్పుకాగితం. ముఖ్యంగా మా వైపు. మాచర్లలో సిమెంటు ఫ్యాక్టరీ, పిడుగురాళ్లలో సున్నం బట్టీలు, దాచేపల్లి దారంతా మళ్లీ సిమెంటు, చుట్టూ సున్నపురాయి, నాపరాళ్ల క్వారీలు. పల్నాడు దుమ్ము మామూలు మట్టి కాదు. క్షార గుణం ఉన్న దుమ్ము, రాత్రి మంచు తగిలితే పెచ్చు కడుతుంది. ఆ పెచ్చును పొడిగుడ్డతో తుడవడమంటే రంగు మీద గరుకు కాగితం లాగడమే. ఇంట్లో స్టీలు పళ్లెం ఒకటి బల్బు కింద పట్టుకుని చూడండి. దీపం చుట్టూ గుండ్రంగా సాలెగూడులా గీతలు కనపడతాయి. నిజానికి అవి గుండ్రటి గీతలు కావు, అన్నివైపులా ఉన్న గీతల్లో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి అలా కనపడతాయి. ఎండలో నల్లకారు బానెట్ మీద కనపడేదీ అదే. నా పసుపు గుడ్డలన్నీ వంటింటికి వెళ్లిపోయాయి. కారుకిప్పుడు మైక్రోఫైబర్. దాన్ని కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవంలో ముంచకూడదు, పోగుల సందులు పూడిపోయి నీళ్లు పీల్చదు. కింద పడితే దులిపి వాడకూడదు, ఉతకాల్సిందే.

కడిగాక అరచేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద తేలిగ్గా జరిపి చూస్తే, కంటికి నున్నగా కనిపించిన చోట ఇసుకలా గరగరలాడుతుంది. కవరు అడ్డు ఉంటే వేలికి గరుకు ఎక్కువ తెలుస్తుంది. ఆ గరుకు తియ్యడానికి బంకమట్టి ముద్దలాంటి క్లే బార్ వాడతారు, జపాన్ నుంచి వచ్చిన పద్ధతి. పెట్టెలో ఎండిపోయిన క్లే పనికిరాదు. కొత్తదైనా నేలమీద పడితే అంతటితో దాని పని సరి. సిమెంటు పెచ్చు అయితే క్లే కంటే ముందు నీళ్లు కలిపిన వెనిగర్‌తో తడిపి, కాసేపాగి, ఆరకముందే కడిగెయ్యాలి. అది క్షారం, ఇది పుల్లటిది, లెక్క సరిపోతుంది. నీడలోనే చెయ్యాలి సుమా.

నీళ్ల విషయంలో మా ఊరిది విచిత్రమైన పరిస్థితి. ఒకవైపు 26 గేట్ల నాగార్జున సాగర్, పక్కనే కుడికాలువ. ఇంట్లో బోరు నీళ్లు మాత్రం సున్నపురాళ్లలోంచి వచ్చే ఉప్పు నీళ్లు. బండి మీద ఆరాయంటే తెల్లటి వలయాలు. గేట్లెత్తిన రోజున హైదరాబాదు బండ్లు వంతెన దాకా వచ్చి ఆ తుంపర్లలో నిలబడి ఫోటోలు దిగుతాయి. తుంపర్లు, దారి దుమ్ము, మధ్యాహ్నం ఎండ మూడూ కలిసి సాయంత్రానికి బండి చుక్కల చీర కడుతుంది. చాలామంది ఆర్వో మిషను వదిలేసే నీళ్లు వృథా ఎందుకని కారుకు పోస్తారు. మంచి ఉద్దేశమే గాని అన్నిటికంటే చెడ్డ నీళ్లు అవే, వడకట్టిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. ఏసీ బయట కారే నీళ్లు పట్టి పెట్టుకోండి. గాలిలోని తేమ చల్లబడి రాలిన నీళ్లు కాబట్టి ఉప్పు దాదాపు ఉండదు. ఆఖరి కడుగుకు ఒక బకెట్ చాలు. నీళ్లు తక్కువైనచోట అరబకెట్‌తో సరిపెట్టే రిన్స్‌లెస్ వాష్‌లు వచ్చాయి, అవి నిజంగానే పనిచేస్తాయి. కానీ సిమెంటు దుమ్ము మీద ముందు నీళ్లు చల్లి నానబెట్టకుండా వాడితే పసుపు గుడ్డ కథే. 2024 మార్చిలో నీటికరవొచ్చి బెంగళూరు జలమండలి తాగునీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. రేపు మన పట్టణాల్లోనూ ఈ అరబకెట్ విద్య అవసరపడొచ్చు.

కొత్త బండ్లలో రంగు ఒక్కటే కొత్త కాదు. పాత అంబాసిడర్‌కు గాజు హెడ్‌లైట్లు, లోహపు క్రోమ్ బంపర్లు ఉండేవి. ఇప్పుడు లైట్లు పాలికార్బొనేట్, క్రోమ్ అంటే ప్లాస్టిక్ మీద పల్చటి పూత. ఇత్తడి పాలిష్ పెడితే ఆ పూత లేచిపోతుంది. పసుపెక్కిన లైటు మీద టూత్‌పేస్టు రుద్దితే ఆ పూటకి తెల్లబడుతుంది. పైనున్న రక్షణ పూత కూడా పోతుంది గనక కొన్ని నెలల్లో ముందుకంటే ఎక్కువ పచ్చబడుతుంది. పాత డాష్‌బోర్డు స్ప్రే జిడ్డు టచ్‌స్క్రీన్‌ను మసకేస్తుంది, గాలాడే సీట్ల చిల్లుల్ని పూడ్చేస్తుంది. అద్దం వెనకున్న కెమెరా ముందు, ముందు గ్రిల్లులోనో కంపెనీ గుర్తు వెనకో ఉండే రాడార్ ముందు ఏ జిడ్డూ, మందపాటి గంధం బొట్టూ ఉండకుండా చూసుకోవాలి. దసరాకి ఆయుధపూజ మానమని కాదు, బొట్టు రెండంగుళాలు పక్కన పెడితే అమ్మవారు ఏమీ అనుకోదు. తెల్లబండి మీద పసుపు మరక పడిందని కాంపౌండ్ తియ్యకండి. పసుపులోని రంగు ఎండకి తట్టుకోలేదు, కడిగి ఎండలో పెడితే అదే వెలిసిపోతుంది.

మొదటిరోజు నా పరువు తీసింది ఇంకొకటి. తాళం జేబులో పెట్టుకుని డోరు హ్యాండిల్ తుడుస్తుంటే బండి కీచుమని లాకైంది, మళ్లీ తుడిస్తే తెరుచుకుంది. అద్దం తుడుస్తుంటే వర్షం పడుతోందనుకుని వైపర్ లేచి చేతిమీద కొట్టింది. ఇంజను ఆపి, తాళం ఇంట్లో పెట్టి రావాలని పిల్లలు నేర్పారు. ఎలక్ట్రిక్ బండ్లను నీళ్లతో కడగొచ్చు, ఛార్జింగ్ మూత మీద ప్రెషర్ గన్ ఎక్కుపెట్టకపోతే చాలు. వాటిలో మోటారే సగం బ్రేకు పని చేస్తుంది కాబట్టి చక్రాలకు ఇనప రజను తక్కువ. ఊదారంగుకు తిరిగే ఆ ఖరీదైన ఐరన్ రిమూవర్ వాటికి అంతగా అక్కర్లేదు.

మా మేనల్లుడి బండి సెల్టోస్ ఎక్స్-లైన్, మన పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే. బొగ్గురంగు, మెరుపు లేని మ్యాట్. పెట్టె చూసి వాడికి హుషారొచ్చింది.

"మావయ్యా, దీన్ని కూడా నీ అంబాసిడర్లలా అద్దం చేస్తావా?"

"చేస్తాన్రా. మళ్లీ ఇలా మాత్రం చెయ్యలేను."

మ్యాట్ అంటే రంగు తక్కువ రకం కాదు. క్లియర్ కోట్‌లోనే వెలుగును చెదరగొట్టే సన్నటి రేణువులుంటాయి, పైభాగం కంటికి తెలియనంత ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒకచోట పాలిష్ పెట్టి రుద్దితే ఆ ఎత్తుపల్లాలు నున్నబడి అక్కడ మెరుపు మచ్చ మిగులుతుంది, దానికి మందు లేదు. మామూలు మైనం కూడా వద్దు. షాంపూ, మెత్తటి గుడ్డ, పక్షిరెట్ట పడితే వెంటనే నానబెట్టి తియ్యడం, అంతే. నలభై ఏళ్ల చేతివాటంలో ఆ బండికి పనికొచ్చింది బకెట్ పట్టుకోవడం ఒక్కటే.

సిరామిక్ కోటింగ్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి నా తీర్పు చెబుతాను. పనికొచ్చేదే. మైనంలా వారాల్లో పోదు, మురికి తేలిగ్గా వదులుతుంది. గీత పడదన్న మాట మాత్రం నమ్మకండి. ప్రకటనల్లో రాసే 9హెచ్ అనేది పెన్సిల్ ములుకుల గట్టిదనంతో పోల్చే కొలత, రాళ్ల కొలత కాదు. రాతి దుమ్ము దాన్ని శుభ్రంగా గీస్తుంది. పైగా దాని మీద నీళ్లు ముత్యాల్లా నిలుస్తాయి, మా ఉప్పు నీళ్లు అలా నిలిచి ఆరితే ప్రతి ముత్యమూ ఒక తెల్ల వలయం. కోటింగ్ వేయించుకుని తుడవడం మానేసిన బండి కంటే ఏమీ వేయించకుండా ఏసీ నీళ్లతో కడిగి తుడిచిన బండే ఇక్కడ బాగుంటుంది. రాళ్లదెబ్బలు ఆపేది పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) ఒక్కటే, సుమారు 200 మైక్రాన్ల పాలియురిథేన్ పొర. దాని పుట్టుక వియత్నాం యుద్ధంలో హెలికాప్టర్ రెక్కలకు అంటించిన ఫిల్ము. ఖరీదెక్కువ; క్వారీ టిప్పర్ల వెనక రోజూ తిరిగేవాళ్లు ముందు బంపరుకీ బానెట్‌కీ వేయించుకుంటే చాలు.

చివరికి నా పెట్టెలో మైనం, ఒక షాంపూ సీసా, టైర్ల బ్రష్షు మిగిలాయి. కాంపౌండ్ డబ్బా ఎదురింటివాళ్ల పాత చేతక్ స్కూటరుకిచ్చాను, దానికి గుడ్డకు రంగంటుకునే పాత పెయింటే. తెల్లసీసా మాత్రం మూత బిగించి పెట్టాను, మాచర్ల వైపు వెళ్లినప్పుడు బ్యాటరీలు, యాసిడ్ల పని తెలిసినవాళ్లకు అప్పగించాలి. మీరూ అటక మీంచి పాత పెట్టె దించితే రెండు పనులు చెయ్యకండి. పాత సీసాల్లో మిగిలింది కాలవలో పొయ్యకండి, కాలవగట్టున బండి కడగకండి. కుడికాలువ ఇక్కడ మొదలై నరసరావుపేట మీదుగా ప్రకాశం దాకా పోతుంది. వేసవిలో ఒంగోలు చెరువులు నిండేది ఆ నీళ్లతోనే.